చివరి వరసదాకా చదివే పిల్ల

మాది కళ్ళజోళ్ళ షాపు. మా మామగారు పెట్టింది, మా ఆయన నడుపుతున్నది, ఇద్దరూ కలిసి నాకు స్క్రూలు బిగించే పని అప్పగించింది. ముందు గదిలో అద్దాల బీరువాలు, ఒక మూల కళ్ళు పరీక్ష చేసే కుర్చీ, దాని ఎదురుగోడకు అక్షరాల చార్టు, ఆ పక్కనే వచ్చినవాళ్ళు కూర్చోవడానికి బెంచీ ఉంటాయి. నా బల్ల వెనక కిటికీ దగ్గర. ఊడిన కాడలూ, వదులైన ఫ్రేములూ, చూసుకోకుండా కూర్చుని విరగ్గొట్టుకున్నవీ అన్నీ నా దగ్గరికే వస్తాయి. చేతులకు పనున్నా చెవులు ఖాళీయే కాబట్టి, షాపులో ఎవరు ఏం మాట్లాడినా నాకు వినపడుతుంది.

మాకు ఒక్కతే కూతురు. యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ చదివింది. "అదీ అద్దాల వ్యాపారమే కదా, మన వంశంలోనే ఉంది" అని మా ఆయన చేర్పించిన రోజునుంచీ కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. అసలు ఆయనకు కూతురి చదువుకన్నా కూతురి కళ్ళంటే ఎక్కువ గర్వం. ఏటా దాని పుట్టినరోజున, బెంచీ నిండా జనం ఉన్న సమయం చూసి, దాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఒక కన్ను మూయించి, బెత్తం తీసుకుని చార్టు మీద పెట్టేవారు. అది పైనున్న పెద్ద అక్షరం మొదలు, అడుగున చీమ తలకాయంత అక్షరాల వరసదాకా గుక్క తిప్పుకోకుండా చదివేసేది. రెండో కన్నూ అంతే. బెంచీ మీదివాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు.

"డేగచూపండీ! నా చేతిలో పెరిగిన కళ్ళు!" అనేవారు ఈయన.

కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుని నేను స్క్రూ తిప్పుకునేదాన్ని.

ఆ డేగచూపు పిల్ల పెరట్లో బకెట్ కనపడక తన్నుకునేది. టీవీకి ముక్కు ఆనించి చూసేది. వీధిలో ఎదురుపడ్డవాళ్ళను పలకరించకుండా దాటిపోయేది. ఎదురుషాపు టైలరు దాని చిన్నప్పటినుంచీ రోజూ పొద్దున్నే చెయ్యి ఊపుతాడు, ఇది ఒక్కనాడు తిరిగి ఊపిన పాపాన పోలేదు. "మీ అమ్మాయికి కాస్త పొగరమ్మా" అని ఆయన నాతోనే అన్నాడు. నేను ఇంటికొచ్చి దాన్ని చెడామడా తిట్టాను. "ఎప్పుడు ఊపాడమ్మా?" అంది అమాయకంగా. పరధ్యానం పిల్ల, కళాకారిణి అవుతుంది కాబోలు అనుకున్నాను.

మొదటి ఏడాది దాని చేతిలో ఉన్న కెమెరా తన పని తనే చేసుకునే రకం. బొత్తాం నొక్కితే చాలు, గడ్డిపోచలు కూడా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. దానికి మాత్రం ఆ ఫోటోలు నచ్చేవి కావు.

"ఇవేంటమ్మా, ఇలా గీతలు గీతలుగా ఉన్నాయి? దూరంగా ఉన్న మనుషులు ఇలా ఉంటారా ఎక్కడైనా? యంత్రం ఎక్కువ చేసి చూపిస్తుంది" అనేది.

యూనివర్సిటీవాళ్ళకూ నచ్చలేదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

రెండో ఏడాది పిల్లలందరికీ పాత కెమెరాలు ఇచ్చారు. లెన్సు చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పి, కన్ను ఆనించి చూసుకుంటూ, బొమ్మ తేటపడ్డాక నొక్కాలి. యంత్రం ఆలోచిస్తే మనిషి ఆలోచించడం మానేస్తాడట, అందుకని. మా అమ్మాయి ఆ కెమెరాతో మొట్టమొదట మా డాబా మీద దండేన్ని తీసింది. రీలు కడిగి చూస్తే ఒక్కటీ తిన్నగా లేదు. దుప్పటి ఏదో, వాళ్ళ నాన్న చొక్కా ఏదో పోల్చుకోలేనంత మసక. దిండు తడిసేలా ఏడ్చింది. ఇచ్చిన గడువు అయిపోయింది కాబట్టి మర్నాడు అవే పట్టుకెళ్ళింది.

అక్కడ ఒక ప్రొఫెసరు ఉన్నాడు. నిశ్శబ్దం గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలడు కాబట్టి పిల్లలు ఆయనకు నిశ్శబ్దం సార్ అని పేరు పెట్టారు. ఆయన ఆ ఫోటోల ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, "ఇక్కడ బట్టలు లేవు. బట్టలు విడిచి వెళ్ళిపోయిన మనుషుల వేడి ఉంది" అన్నాడట. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు వేశాడు.

అది ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నేను తప్పు చేశాననుకున్నాను. అది తప్పు కాదట, నా శైలట!"

నేను దండెం వైపు చూశాను. విడిచి వెళ్ళిపోయిన మనుషులెవరూ నాకు తెలియదు. మేం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం.

ఆ తర్వాత దాని మీద పడింది అదృష్టం. నేను వెనక మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే తీసింది. ఒక గోధుమరంగు మూట, దాని చివర్న తెల్లటి చుక్క. మూట నేను, చుక్క ఉల్లిపాయ. దానికి నిశ్శబ్దం సార్ "కరిగిపోతున్న అమ్మ" అని పేరు పెట్టాడు. కరిగిపోవడమా! ఏటికేడాది జాకెట్లు పిగిలిపోతుంటే! యూనివర్సిటీవాళ్ళు దాన్ని ఎగ్జిబిషన్‌లో పెట్టి నన్నూ తీసుకెళ్ళారు. నేనే ఆ అమ్మనని తెలిసి, ఎవరో పెద్దింటావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మీ అమ్మాయికి మీరు దూరమై ఎంతకాలమైందమ్మా?"

"పొద్దున్నే జడేసి పంపానండీ" అన్నాను.

ఆ ఎగ్జిబిషన్‌లో మిగతా పిల్లల పనులు కూడా చూశాను. ఒకమ్మాయి తన ఎడమ మడమను మాత్రమే తీసి గోడంతా పరిచింది. ఒకబ్బాయి ఖాళీ ఫ్రేములు వేలాడదీశాడు. ఫోటో తీయకపోవడమే అతని ఫోటో అట. ఆ అబ్బాయి ముందు జనం ఎక్కువ సేపు నిలబడ్డారు. చూడ్డానికేమీ లేకపోతే ఎంతసేపైనా చూడొచ్చు కదా. ఇంట్లో తల్లిదండ్రులు రీళ్ళ ఖర్చు మిగిలిందని సంతోషించి ఉంటారు.

ఇంతలో నిశ్శబ్దం సార్ ఒక పత్రికలో "మసక దర్శనం" అని మా అమ్మాయి ఫోటోల గురించి పెద్ద వ్యాసం రాశాడు. స్పష్టంగా చూడటం ఒక రకమైన దౌర్జన్యమనీ, ఈ అమ్మాయి ప్రపంచాన్ని క్షమించి చూస్తోందనీ దాని సారాంశం. ఆ వ్యాసంతో ఆయనకు వేరే యూనివర్సిటీలనుంచి పిలుపులు వచ్చాయి. మా ఆయన దాన్ని ఫ్రేము కట్టించి షాపులో తగిలించారు. దాని కిందనే మా పాత బోర్డు ఉంది: "మసకగా కనిపిస్తోందా? లోపలికి రండి." పైన మసకను మెచ్చుకోవడం, కింద దాన్ని పోగొడతామనడం. వచ్చినవాళ్ళు రెండూ చదివి బుర్ర గోక్కునేవాళ్ళు. నేను చెప్పి చూశాను. "కళ వేరు, వ్యాపారం వేరు" అన్నారు మా ఆయన.

చివరి ఏడాది కథ అడ్డం తిరిగింది. ఆఖరి ప్రాజెక్టుకు మార్కులు వేసే పని బయటినుంచి వచ్చే పరీక్షకురాలిది. ఆవిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, సంచీలో తన టీ తనే తెచ్చుకునే పెద్దావిడ. ప్రాజెక్టు సగంలో ఉండగా ఒకసారి వచ్చి అందరివీ చూసింది. మా అమ్మాయివి చూసి, "బాగున్నాయమ్మా" అంది. నిశ్శబ్దం సార్ గొంతు సవరించుకునేలోపు ఇంకో మాట కూడా అంది.

"ఇదే కెమెరాతో, చేత్తో తిప్పి, ఒక్క తేటైన ఫోటో తీసి నీ ఎగ్జిబిషన్‌లో పెట్టు. తీయగలిగీ మసకగా తీస్తున్నావో, తీయలేక తీస్తున్నావో నాకు తెలియాలి కదా. అది లేకపోతే నేను పాస్ చేయలేను."

అన్యాయంగా ఏమైనా అడిగిందా? వంటొచ్చినవాళ్ళను గ్లాసుడు టీ పెట్టి చూపించమన్నట్టు అడిగింది. మా అమ్మాయి నవ్వుతూ ఒప్పుకుని ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమే నన్ను కూర్చోబెట్టి తీసింది. మసక. మర్నాడు వీధి తీసింది. మసక. రింగును అటు తిప్పి, ఇటు తిప్పి, ఊపిరి బిగబట్టి, స్టాండు వేసి తీసింది. ఏది తీసినా అదే శైలి. ఇన్నాళ్ళూ పిలవకుండానే వచ్చి నెత్తిన కూర్చున్నది, ఇప్పుడు పొమ్మన్నా పోవడం లేదు. గురువుగారి దగ్గరికి వెళ్తే, "స్పష్టత అడగడమే హింస. నువ్వు లొంగకు" అన్నాడు. లొంగకపోతే డిగ్రీ రాదు. ఆయన డిగ్రీ ఆయనకు ఎప్పుడో వచ్చేసింది.

పిల్ల అన్నం మానేసింది. కళ్ళకింద చారలొచ్చాయి. నేను చేయగలిగిందేముంది? నాకు తెలిసింది స్క్రూలే.

అప్పుడే మా షాపు గోడలకు రంగులు వేయించాం. చార్టు మా మామగారి కాలంనాటిది, అంచులు పసుపెక్కి, ఒక మూల ఏదో మరక. మార్చమంటే మా ఆయన "నాన్నగారి చెయ్యి" అని ఒప్పుకునేవారు కాదు. రంగులవాళ్ళ పుణ్యమా అని నేనే దాన్ని దింపి, పేపరు చుట్టి బల్లకింద పెట్టాను. లెన్సుల కంపెనీవాళ్ళు ఉచితంగా ఇచ్చిన కొత్త చార్టు ఎన్నాళ్ళనుంచో మూలపడి ఉంటే, అది తగిలించాను. మా ఆయన గమనించలేదు. నేనూ చెప్పలేదు, చెబితే దింపమంటారు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి మెడలో కెమెరాతో షాపులోకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. "నాన్నా, నా కళ్ళకేమైనా అయిందంటావా?" అని అడిగింది. ఆ మాట దాని నోట మొట్టమొదటిసారి విన్నాను.

మా ఆయన పెద్దగా నవ్వారు. బెంచీ మీద ఇద్దరున్నారు మరి. "నీ కళ్ళకా! ఆ డొక్కు కెమెరాకే ఏదో అయింది. ఇలా కూర్చో, ఇప్పుడే తేల్చేద్దాం."

అది కూర్చుంది. కన్ను మూసుకుంది. ఈయన బెత్తం తీసి గోడకు ఆనించి, బెంచీ వైపు తిరిగి, "చూడండి ఇప్పుడు" అన్నారు.

"గ" అంది. "న, ట. ర, వ, ప. ల, క, డ, య..." అలా జలజలా చివరి వరసదాకా.

ఈయన ప్రతి అక్షరానికీ తలూపారు. బెత్తం ఒక్కో వరస దిగింది. "చూశారా!" అన్నారు.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. పొద్దున్నే నా చేతులతో తగిలించిన చార్టు అది. పైన ఉన్నది 'మ'. ఈ పిల్ల చదివిన అక్షరాల్లో ఒక్కటి కూడా దానికి తగిన చోట లేదు.

నేను లేచి వెళ్ళాను. "అమ్మడూ, పైన ఏముంది?"

"గ."

"ఇంకోసారి చూసి చెప్పు."

"చూడ్డం ఎందుకమ్మా? 'గ' కదా."

చూడ్డం ఎందుకమ్మా! నేను గోడ దగ్గరికి వెళ్ళి ఆ అక్షరం మీద వేలు పెట్టాను. "అక్కడ నీకు అక్షరం కనిపిస్తోందా?" అన్నాను.

"నల్లగా ఉంది కదా అక్కడ" అంది అది, నన్ను వింతగా చూస్తూ. "అంత దూరంనుంచి ఎవరికైనా అంతేగా? గుర్తుపెట్టుకుని చెప్పడమే కదా పరీక్షంటే. ఎక్కాల్లాగా. నాన్నే కదా నేర్పింది!"

అవును, ఆయనే నేర్పారు. మూడేళ్ళ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అక్షరాలన్నీ ఆ చార్టు మీదే దిద్దించారు. దానికి బడి అదే, పలక అదే. తర్వాత దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి అదే పాఠం అప్పజెప్పించుకున్నారు. అది ఒక్కసారి కూడా మోసం చేయలేదు. నాన్న అడిగారు, బాగా వచ్చిన పాఠం కాబట్టి గడగడా చెప్పింది. ఆయన సంతోషపడ్డారు. ఏటా అంతే. దీపం కిందే చీకటి అంటే నాకు అప్పుడు అర్థమైంది, అదీ కళ్ళజోళ్ళ దీపం కింద.

బెంచీ మీదున్నాయన చేతిలోని ఫ్రేమును మెల్లగా బీరువా మీద పెట్టి, "మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. రెండో ఆయన చెప్పకుండానే వెళ్ళాడు.

మా ఆయన మాత్రం గోడకేసి చూస్తూ, "నాన్నగారి చార్టు ఏదే?" అన్నారు. మనిషికి ముందు గుర్తొచ్చింది అది! నాకు ఒళ్ళు మండిపోయింది. "చార్టు సంగతి తర్వాత, ముందు పిల్ల సంగతి చూడండి" అని గట్టిగా అరిచాను. అప్పుడు ఆయన బెత్తం పక్కన పెట్టారు. పరీక్ష ఫ్రేము దాని ముక్కు మీద పెట్టి ఒక్కో అద్దం వేస్తూ పోయారు. వేసేకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. చివరికి మైనస్ నాలుగు దగ్గర ఆగారు.

"మ" అంది పిల్ల.

ఆ బరువైన పరీక్ష ఫ్రేముతోనే లేచి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. వీధి చివరిదాకా చూసింది. ఎదురుషాపులో టైలరు అలవాటు కొద్దీ చెయ్యి ఊపాడు. ఇది అదిరిపడింది. "అమ్మా, ఆయన నాకే ఊపుతున్నాడు!" అంది. "పదిహేనేళ్ళనుంచీ నీకే ఊపుతున్నాడే" అన్నాను. వీధికి అడ్డంపడి పరిగెత్తింది. ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెబుతోంది, ఆయన టేపు మెడలో వేసుకుని నోరు తెరుచుకుని వింటున్నాడు. నేను గుమ్మానికి ఆనుకుని ఏడ్చేశాను. నవ్వొచ్చింది కూడా, కానీ ఏడుపే ఎక్కువ.

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి కదా? కళ్ళజోడు వచ్చింది, తేటైన ఫోటో తీస్తుంది, పాసవుతుంది. కానీ మగవాళ్ళ పరువులు రెండు మధ్యలో ఉన్నాయి.

మొదటిది మా ఆయనది. ఆ రాత్రి నాతో మెల్లగా, "కళ్ళజోడు ఇంట్లో పెట్టుకుంటే చాలు కదే. షాపుకొచ్చేటప్పుడు తీసేయమను. డేగచూపు డేగచూపు అని ఊరంతా చెప్పాను. తెలిస్తే రేపు నా దగ్గరికి ఎవడొస్తాడు?" అన్నారు. నేను అటు తిరిగి పడుకున్నాను.

రెండోది మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ షాపుకొచ్చింది. నిశ్శబ్దం సార్. పిల్ల చెప్పిందో, ఎవరు చెప్పారో, సంగతి ఆయనకు తెలిసిపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరు ఏం చేశారో మీకు తెలుస్తోందా?" అన్నాడు మా ఆయనతో. "ఒక దర్శనాన్ని పాడుచేశారు. అది లోపం కాదండీ, దృక్పథం!"

"మైనస్ నాలుగండీ" అన్నారు మా ఆయన నీళ్ళు నములుతూ.

"వచ్చే నెల నేను మసక దర్శనం మీద మాట్లాడాలి. చాలా దూరంనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. అప్పటిదాకా... ఆ కళ్ళజోడు తయారుకావడం కాస్త ఆలస్యం కావొచ్చు కదా? లెన్సులు రాలేదనో, ఏదో?"

మా ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "ఆలస్యమంటే... చేయొచ్చండీ. మాకూ కాస్త ఇబ్బందిగానే ఉంది."

"పరీక్షకురాలితో నేను మాట్లాడతాను. స్పష్టమైన ఫోటో అంటే ఏమిటి అన్నదే అసలు ప్రశ్న అని ఒక చర్చ పెడదాం."

"పెట్టండి, పెట్టండి. టీ తాగుతారా?"

చూడండి మరి. కళకూ వ్యాపారానికీ పొత్తు కుదరదంటారు. మా షాపులో ఒక్క నిమిషంలో కుదిరింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకాన్ని చూశాను కానీ, ఇద్దరు చదువుకున్న మగవాళ్ళు కలిసి ఒక ఆడపిల్ల కళ్ళు దాచేయడానికి టీ తాగుతూ మాట్లాడుకోవడం అదే చూడ్డం. చేతిలో ఉన్నది బల్ల మీద విసిరికొట్టి లేచాను.

"ఏమండీ, ఇద్దరికీ కలిపే చెబుతున్నాను. దానికి కనపడకపోతే మీకు వెలుగా? సార్, మీరు దాని మీద రాసుకుని ఊళ్ళు తిరిగారు. మీరేమో దాన్ని చూపించి అద్దాలు అమ్మారు. అది బస్సుల నంబర్లు కనపడక పక్కవాళ్ళను అడుక్కుంటూ తిరిగింది. ఇంకా ఎన్నాళ్ళు క్షమించి చూడాలి అది ప్రపంచాన్ని?"

"అమ్మా, మీకు అర్థం కావడం లేదు..." అన్నాడు ప్రొఫెసరు.

ఈలోపు అది వచ్చింది. ముక్కు మీద కొత్త కళ్ళజోడు. తెల్లవారకముందే లేచి నేనే బిగించి ఇచ్చాను. లెన్సులు షాపులోనే ఉండగా ఆలస్యమెక్కడిది? నా బల్ల మీద జరిగేది ఆయన ఎప్పుడు చూశారు గనుక.

అది గుమ్మంలోనే ఆగి గురువుగారిని కిందనుంచి పైదాకా చూసింది. "సార్, మీ చొక్కాకు మొదటినుంచీ ఇన్ని మరకలున్నాయా?" అంది. ఎగతాళికి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది పాపం. ఆయన ఒక చేత్తో జేబు కప్పుకున్నాడు. ఆ రోజు ఆయన నిజంగానే నిశ్శబ్దంగా వెళ్ళాడు.

మా ఆయన రెండు మూడు రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఆయన బుర్రకు మార్గం దొరికింది. షాపుకొచ్చినవాళ్ళతో ఆయన చెబుతున్నది ఒకరోజు వినబడి నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

"పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కనిపెట్టలేకపోయారండీ. మైనస్ నాలుగు! ఇదిగో ఈ కుర్చీలో, ఒక్క నిమిషంలో నేను పట్టేశాను. చార్టు మార్చి చూశాను. చాలామంది అక్షరాలు బట్టీపడతారండీ, మనం కనిపెట్టుకుని ఉండాలి."

చార్టు మార్చి చూశారట! పోనీలే. కనీసం పిల్ల కళ్ళజోడు బయటపడింది, అది చాలు.

ఆ వారమే అది వాళ్ళ నాన్నను అడిగింది. "నాన్నా, ఓసారి నా కళ్ళు టెస్ట్ చెయ్యవా? ఎప్పటిలాగే. నేను కుర్చీలోంచి ఫోటో తీసుకుంటాను. పరీక్షకు కావాలి."

ఆయన పొంగిపోయారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బెంచీ నిండేదాకా ఆగారు. అది పాత కెమెరా కంటికి ఆనించి రింగు తిప్పుతూ కూర్చుంది. ఎప్పుడు నొక్కిందో మేమెవరం చూసుకోలేదు.

ఎగ్జిబిషన్ రోజు ముగ్గురం వెళ్ళాం. దాని గది గోడల మీద పాత ఫోటోలన్నీ ఉన్నాయి, దండెం, ఉల్లిపాయల మూట, వీధి. నిశ్శబ్దం సార్ పెట్టిన పేర్లన్నీ తీసేసింది. వాటి స్థానంలో "మా డాబా", "మా అమ్మ", "మా వీధి" అని ఉంది. పరీక్షకురాలు ఫ్లాస్కు మూతలో టీ తాగుతూ ఒక్కొక్కటీ చూసింది.

"ఇవి ఎందుకు మసకగా ఉన్నాయి?"

"నాకు అలాగే కనిపించేవి మేడమ్" అంది మా అమ్మాయి.

"ఎంత గొప్ప మాట!" అన్నాడు వెనకనుంచి నిశ్శబ్దం సార్. పరీక్షకురాలు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. చివరి గోడ దగ్గరికి నడిచింది. అక్కడ ఒక్కటే ఫోటో ఉంది. ఆవిడ టీ తాగడం ఆపి చాలాసేపు నిలబడింది. తర్వాత మా అమ్మాయి భుజం తట్టి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. పిల్ల పాసయింది. బంగారు పతకం ఖాళీ ఫ్రేముల అబ్బాయికి ఇచ్చారు.

జనం పలచబడ్డాక మేమిద్దరం ఆ ఫోటో ముందుకు వెళ్ళాం. తేటగా ఉంది. ఎంత తేటగా అంటే చార్టు చివరి వరసలో ప్రతి అక్షరం చదువుకోవచ్చు. బెత్తం సరిగ్గా ఆ వరస కిందే ఉంది. బెంచీ మీద నలుగురు మా ఆయన వైపే చూస్తున్నారు. మా ఆయన రొమ్ము విరుచుకుని, నోరు సగం తెరిచి, బెంచీ వైపు తిరిగి ఉన్నారు. వెనక కిటికీ దగ్గర నేను, తల వంచుకుని స్క్రూ తిప్పుకుంటున్నాను. అంత గదిలో, అంతమందిలో, కుర్చీ వైపు చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

కింద చిన్న అక్షరాలతో రాసి ఉంది: "మా నాన్న నా కళ్ళు పరీక్ష చేస్తున్నారు."

మా ఆయన దగ్గరికి వెళ్ళి చదివారు. దూరం జరిగి చూశారు. మళ్ళీ దగ్గరికి వెళ్ళారు. "ఇది ఎప్పటిదే?" అన్నారు.

"మొన్నటిదే నాన్నా. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకున్నావు కదా."

"మరి నేను నీ వైపు..." అని ఆగిపోయారు.

"బాగా వచ్చింది కదా నాన్నా?" అంది అది ఆయన చెయ్యి పట్టుకుని. దాని గొంతులో కోపం లేదు. "చూడు, చివరి వరసదాకా కనిపిస్తోంది."

ఆయన వంగి ఆ వరస చదువుకున్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి బెంచీ షాపు బయటికి వచ్చేసింది, వీధరుగు మీదికి. కుర్చీకి ఎదురుగా ఒక స్టూలు వేసుకుని, గోడకు వీపు పెట్టి మా ఆయన కూర్చుని ఉన్నారు. ఎవరో తల్లి తన చిన్నకూతురిని తీసుకొచ్చింది. ఆ పిల్ల చార్టు చదువుతోంది. ఈయన చార్టు చూడటం లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆ పిల్ల ముఖంలోకే చూస్తున్నారు, కళ్ళు చికిలిస్తోందా లేదా అని. అది చూసి నేనూ నా బల్లను తిప్పి కుర్చీ వైపు వేసుకున్నాను. కిటికీ నా వీపు వెనక్కి పోయి వెలుతురు సరిగ్గా రావడం లేదు. పొద్దున పడిపోయిన స్క్రూ ఇంకా దొరకలేదు.